స్పెక్ట్రమ్ కరువుకు కాంతి మందు పనిచేస్తుందా? వైరు లేకుండా లేజర్‌తో ఇంటర్నెట్.. అనకాపల్లి లాంటి జిల్లాలకు ఎంత మేలు? పూర్తి వివరాలు

అనకాపల్లి నూకాంబిక అమ్మవారి కొత్త అమావాస్య జాతరకు వెళ్లిన వాళ్లకు ఈ అనుభవం మామూలే. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. వీడియో మాత్రం ఓపెన్ కాదు. లైవ్ పెడదామంటే ఆ చుక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ ఉండి కూడా నెట్ ఎందుకు రాదు? ఒకే టవర్ మీద వేల ఫోన్లు పడితే ఆ టవర్‌కు ఇచ్చిన రేడియో తరంగాల వాటా చాలదు. టవర్ నుంచి మెయిన్ నెట్‌వర్క్‌కు వెళ్లే దారి కూడా ఇరుకైపోతుంది. ఈ ఇరుకు తీర్చడానికి ప్రపంచవ్యాప్తంగా ఇప్పుడు ఒక కొత్త దారి వెతుకుతున్నారు. అదే కాంతి. రేడియో తరంగాల బదులు ఎల్‌ఈడీ వెలుగుతోనో, లేజర్ కిరణంతోనో డేటా పంపడం.

ఇదేదో అమెరికా ముచ్చట అనుకోవద్దు. ఈ టెక్నాలజీని పెద్ద ఎత్తున వాడతామని ముందుగా ప్రకటించిన ప్రభుత్వాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంతకీ ఆ కథేంటి? కాంతి ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుంది? పొగమంచు, వాన వస్తే ఏంటి పరిస్థితి? మన ఫోన్‌లోకి ఎప్పుడు వస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క చూపులో..

- 2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్, గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన 'ఎక్స్' మధ్య ఒప్పందం. 2,000 కాంతి లింకులు పెట్టాలన్నది ప్లాన్.
- అదే టెక్నాలజీ తర్వాత 'తారా' పేరుతో ఆఫ్రికాలో కాంగో నదిని దాటింది. 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్ల డేటా మోసింది.
- లేజర్ లింకుకు స్పెక్ట్రమ్ వేలం అక్కర్లేదు. తవ్వకాలు అక్కర్లేదు.
- పెద్ద శత్రువు పొగమంచు. అందుకే ఒంటరిగా కంటే రేడియో లింకుతో జోడీగా వాడటమే మేలు.
- గదిలో బల్బు వెలుగుతో నెట్ ఇచ్చే లైఫైకి 2023లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మామూలు ఫోన్లలోకి మాత్రం ఇంకా రాలేదు.

అసలు స్పెక్ట్రమ్ కరువు అంటే ఏంటి?

సంక్రాంతికి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి ఉత్తరాంధ్రకు వచ్చే కార్లు టోల్‌గేట్ల దగ్గర ఎలా బారులు తీరతాయో అందరికీ తెలుసు. రోడ్డు అదే, లైన్లు అవే, బళ్లు మాత్రం పదింతలు. స్పెక్ట్రమ్ కూడా అలాంటి రోడ్డే. మొబైల్ ఫోన్, టీవీ, ఎఫ్ఎం రేడియో, విమానాల రాడార్, శాటిలైట్, నౌకాదళం, పోలీసు వైర్‌లెస్.. అందరూ రేడియో తరంగాల్లో తమకు కేటాయించిన లైన్‌లోనే వెళ్లాలి. ఒకరి లైన్‌లోకి ఇంకొకరు వస్తే సిగ్నళ్లు కలగాపులగం అవుతాయి. అందుకే ప్రభుత్వం దీన్ని ముక్కలు చేసి వేలం వేస్తుంది.

ఆ ముక్కల ఖరీదు ఎంతో చూస్తే కళ్లు తిరుగుతాయి. 2022 జులై 26న మొదలై ఆగస్టు 1న ముగిసిన 5జీ వేలంలో 600 మెగాహెర్ట్జ్ నుంచి 26 గిగాహెర్ట్జ్ దాకా పది బ్యాండ్లు అమ్మకానికి పెట్టారు. 51,236 మెగాహెర్ట్జ్ అమ్ముడుపోయింది. కంపెనీలు వేసిన బిడ్ల విలువ రూ.1,50,173 కోట్లు. ఈ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి వెళ్తుంది? నెలనెలా రీచార్జ్ చేయించుకునే మనందరి జేబులోంచే. 2జీ కేసులో 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసిన సంగతి గుర్తుందిగా! స్పెక్ట్రమ్ ఎంత విలువైన సరుకో దేశానికి అప్పుడే అర్థమైంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎంత డబ్బు పెట్టినా కొత్త తరంగాలను ఎవరూ పుట్టించలేరు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు గోడలు దాటి దూరం వెళ్తాయి కానీ వాటిలో చోటు తక్కువ. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో చోటు ఎక్కువ కానీ అవి కొద్ది దూరానికే నీరసపడతాయి. మరోవైపు అందరూ వీడియోలు చూస్తున్నారు. రీల్స్, లైవ్‌లు, సినిమాలు, ఆన్‌లైన్ క్లాసులు అన్నీ వీడియోలే. వాడకం పెరుగుతోంది, రోడ్డు పెరగట్లేదు. కరువు అంటే అదే.

కాంతిలో అంత చోటు ఉందా?

ఉంది. కాంతి, రేడియో రెండూ ఒకే జాతి తరంగాలు. తేడా ఫ్రీక్వెన్సీలోనే. రేడియో కోసం వాడే మొత్తం పరిధి దాదాపు 300 గిగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. మన కంటికి కనిపించే వెలుగు ఒక్కదాని వెడల్పే 3 లక్షల గిగాహెర్ట్జ్‌కు పైన. అంటే రేడియో మొత్తం కంటే వెయ్యి రెట్లకు పైగా. ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా కలిపితే ఇంకా ఎక్కువ.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ నిర్వచనం ప్రకారం 3,000 గిగాహెర్ట్జ్ లోపు ఉన్నవే రేడియో తరంగాలు. ఫైబర్ కేబుల్లో ఎక్కువగా వాడే 1,550 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఫ్రీక్వెన్సీ సుమారు 1,93,000 గిగాహెర్ట్జ్. అది రేడియో లెక్కలోకే రాదు. అందుకే కాంతి లింకు పెట్టడానికి ఎవరూ వేలంలో నిలబడి స్పెక్ట్రమ్ కొనుక్కోనక్కర్లేదు. టెలికాం సేవలు అమ్మాలంటే కావాల్సిన లైసెన్సు మాత్రం మామూలే, అది వేరే సంగతి.

ఇంకో లాభం కూడా ఉంది. రేడియో నలుదిక్కులా పాకుతుంది. లేజర్ సన్నటి గీతలా నేరుగా వెళ్తుంది. పక్కపక్కనే పది లేజర్ లింకులు పెట్టినా ఒకదానికొకటి అడ్డు రావు. మధ్యలో దొంగచాటుగా వినడం కూడా కష్టం.

నమ్మకం కుదరకపోతే మీ ఇంట్లో టీవీ రిమోట్ తీసుకోండి. అది పనిచేసేది ఇన్‌ఫ్రారెడ్ కాంతితోనే. బటన్ నొక్కుతూ దాని ముందున్న చిన్న బల్బును ఫోన్ కెమెరాలో చూడండి. చాలా ఫోన్లలో తెల్లగానో, ఊదారంగులోనో మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. ఆ మినుకులే టీవీకి వెళ్లే సందేశం. కాంతి ఇంటర్నెట్‌లో ఇదే పని సెకనుకు కోట్ల సార్లు జరుగుతుంది.

ఇది కొత్త ఐడియా ఏం కాదు

వైజాగ్ డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ ఓడలకు దారి చూపేది వెలుగుతోనే. ఇక మాటలను వెలుగు మీద పంపిన మొదటి వ్యక్తి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్. 1880లో ఆయన, సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి వాషింగ్టన్‌లో ఒక స్కూల్ మేడ మీద నుంచి 213 మీటర్ల దూరానికి సూర్యకాంతి మీద మాట పంపారు. ఆ పరికరం పేరు ఫొటోఫోన్. టెలిఫోన్ కంటే ఇదే తన గొప్ప ఆవిష్కరణ అని బెల్ భావించారు. కానీ మబ్బు పడితే పనిచేయదు. అందుకే మూలన పడింది.

దాన్ని మళ్లీ లేపింది ఎల్‌ఈడీ బల్బు. మామూలు బల్బు వేడెక్కి వెలుగుతుంది కాబట్టి వేగంగా ఆర్పి వెలిగించలేం. ఎల్‌ఈడీని మాత్రం సెకనుకు లక్షల, కోట్ల సార్లు మార్చవచ్చు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టి తెల్ల ఎల్‌ఈడీ బల్బులకు దారి వేసిన ముగ్గురు జపాన్‌ మూలాల శాస్త్రవేత్తలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. 2011లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో యూనివర్సిటీ ప్రొఫెసర్ హెరాల్డ్ హాస్ ఒక వేదిక మీద టేబుల్ ల్యాంప్ వెలుగుతో వీడియో ప్లే చేసి చూపించారు. 'లైఫై' అనే పేరు పెట్టింది కూడా ఆయనే.

రెండు రకాలు.. కలిపి చూడొద్దు

లైఫై: ఇది గది లోపల పనిచేసేది. సీలింగ్ లైట్‌లో చిన్న చిప్ ఉంటుంది. అది వెలుగును కంటికి తెలియనంత వేగంగా మారుస్తుంది. ల్యాప్‌టాప్‌కు ఉన్న రిసీవర్ దాన్ని డేటాగా చదువుతుంది. తిరిగి పంపేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ వాడతారు. 2023లో ఐఈఈఈ 802.11బీబీ అనే ప్రమాణం వచ్చింది. వైఫై ప్రమాణాల కుటుంబంలోనిదే ఇది. 800 నుంచి 1,000 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో సెకనుకు 10 మెగాబిట్ల నుంచి 9.6 గిగాబిట్ల దాకా వేగానికి అది వీలు కల్పిస్తుంది. వాడేది ఇన్‌ఫ్రారెడ్ కాబట్టి రాత్రి లైట్ ఆర్పేసినా నెట్ ఆగనక్కర్లేదు.

ఎఫ్‌ఎస్‌ఓసీ: ఫ్రీ స్పేస్ ఆప్టికల్ కమ్యూనికేషన్. ఇది బయట పనిచేసేది. ఫైబర్ కేబుల్లో వెళ్లే కాంతినే కేబుల్ లేకుండా గాలిలో పంపడం. ఒక టవర్ మీద ఒక పెట్టె, కిలోమీటర్ల అవతల ఇంకో టవర్ మీద ఇంకో పెట్టె. రెండూ ఒకదానికొకటి ఎదురెదురుగా కనిపించాలి. సూటిగా చెప్పాలంటే ఇది వైరు లేని ఫైబర్.

స్పెక్ట్రమ్ కరువు విషయంలో ఈ రెండూ రెండు చోట్ల సాయం చేస్తాయి. ఆఫీసులు, ఆసుపత్రులు, క్లాసురూముల్లో వైఫై మీద పడే బరువును లైఫై పంచుకుంటుంది. టవర్‌ను మెయిన్ నెట్‌వర్క్‌తో కలిపే దారిని టెలికాం వాళ్లు బ్యాక్‌హాల్ అంటారు. ఫైబర్ లేని టవర్లకు ఈ బ్యాక్‌హాల్ మైక్రోవేవ్ రేడియోతో నడుస్తుంది, దానికీ స్పెక్ట్రమ్ కావాలి. ఆ పని ఎఫ్‌ఎస్‌ఓసీ చేస్తే ఆ స్పెక్ట్రమ్ మిగులుతుంది. టవర్ నుంచి మీ చేతిలోని ఫోన్‌కు మాత్రం ఎప్పటిలా రేడియోనే. జేబులో ఉన్న ఫోన్‌కు లేజర్ గురిపెట్టలేం కదా!

ఆంధ్రప్రదేశ్ కథ 2017లో మొదలైంది

రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ ప్రాజెక్టును 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నది అప్పటి నినాదం. భూమి తవ్వితే ఖర్చు, ఆలస్యం అని కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. కోటి 20 లక్షల ఇళ్లకు నెట్ ఇవ్వాలన్నది లక్ష్యం. మరి స్తంభాలు కూడా సరిగా లేని కొండ ప్రాంతాలు, నదులు అడ్డొచ్చే చోట్ల పరిస్థితి ఏంటి?

అక్కడే ఆల్ఫాబెట్‌కు చెందిన 'ఎక్స్' రంగంలోకి వచ్చింది. అదే నెలలో ఏపీ ఫైబర్‌నెట్‌తో కలిసి 2,000 ఎఫ్‌ఎస్‌ఓసీ లింకులు ఏర్పాటు చేస్తామని, 2018 నుంచి పని మొదలవుతుందని ప్రకటించింది. సెల్ టవర్లు, వైఫై హాట్‌స్పాట్ల లాంటి ముఖ్యమైన చోట్లకు ఫైబర్ అందని ఖాళీలను ఈ లింకులతో పూడ్చాలన్నది ఆలోచన.

ఈ టెక్నాలజీ పుట్టింది నేల మీద కాదు, ఆకాశంలో. 'ప్రాజెక్ట్ లూన్' పేరుతో ఎక్స్ సంస్థ పెద్ద పెద్ద బెలూన్లను ఎగరేసి వాటి నుంచి మారుమూల ప్రాంతాలకు నెట్ ఇవ్వాలని చూసింది. ఒక బెలూన్ నుంచి ఇంకో బెలూన్‌కు డేటా పంపడానికి లేజర్ వాడారు. 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెలూన్ల మధ్య కూడా అది పనిచేసింది. గాల్లో ఊగే బెలూన్ల మధ్య పనిచేస్తే నేల మీది టవర్ల మధ్య ఎందుకు పనిచేయదు అన్న ప్రశ్నే ఈ ప్రాజెక్టుకు మూలం. బెలూన్ల ప్రాజెక్టును 2021లో మూసేశారు. లేజర్ మాత్రం 'తారా' పేరుతో బతికింది. తార అంటే నక్షత్రం అని తెలుగు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ ప్రాజెక్టును నడిపిస్తున్న మహేశ్ కృష్ణస్వామి మన పక్కనే ఉన్న చెన్నైలో పెరిగినవారు.

కాంగో నది దాటిన కిరణం

తారాకు పేరు తెచ్చింది మధ్య ఆఫ్రికా. కాంగో నదికి అటూ ఇటూ రెండు దేశాల రాజధానులు ఉన్నాయి. ఒకటి బ్రాజావిల్, ఇంకోటి కిన్షాసా. మధ్యలో దూరం 5 కిలోమీటర్ల లోపే. కానీ నది లోతు, ఉధృతి వల్ల నేరుగా కేబుల్ వేయలేరు. ఫైబర్ 400 కిలోమీటర్లకు పైగా చుట్టూ తిరిగి రావాలి. దాంతో కిన్షాసాలో నెట్ ధర చాలా ఎక్కువ.

2021లో తారా లింకు 4.8 కిలోమీటర్ల నదిని దాటి 20 రోజుల్లో దాదాపు 700 టెరాబైట్ల డేటా మోసింది. సగటున సెకనుకు 3 గిగాబిట్లకు పైనే అన్నమాట. ఆ రోజుల్లో 99.9 శాతం సమయం లింకు నిలబడిందని సంస్థ తెలిపింది.

ఇప్పుడు తారా పరికరం 20 కిలోమీటర్ల దాకా, సెకనుకు 20 గిగాబిట్ల దాకా పంపగలదని సంస్థ చెబుతోంది. ఒక హెచ్‌డీ వీడియోకు 5 మెగాబిట్లు అనుకుంటే ఒకే కిరణం మీద 4,000 మంది ఒకేసారి వీడియో చూడొచ్చు. 2023లో భారత్‌లో ఎయిర్‌టెల్‌తో కలిసి పెద్ద ఎత్తున వాడకానికి తారా సిద్ధమైంది. 2025 మార్చిలో ఆల్ఫాబెట్ నుంచి విడిపోయి సొంత కంపెనీగా మారింది. ఆల్ఫాబెట్‌కు అందులో చిన్న వాటా ఉంది.

అనకాపల్లిలో ఎక్కడ పనికొస్తుంది?

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లా ఇది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు తూర్పు కనుమలు. మధ్యలో 16వ నంబర్ జాతీయ రహదారి. కాంతి లింకు లాభనష్టాలు రెండూ తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

1. కొండ అంచు గ్రామాలు: మాడుగుల, రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం వైపు వెళ్తే మైదానం అయిపోయి మన్యం మొదలవుతుంది. అక్కడ కొండ మీది గూడేనికి ఫైబర్ వేయాలంటే రాయి తవ్వాలి, అడవి అనుమతులు కావాలి. ఉన్నది కొన్ని ఇళ్లే కాబట్టి కంపెనీలకు గిట్టుబాటు కాదు. సిగ్నల్ లేకపోతే ఆగిపోయేది సినిమా ఒక్కటే కాదు. రేషన్ షాపులో వేలిముద్ర పడదు, 108కి ఫోన్ వెళ్లదు, పింఛను డబ్బు వచ్చిందో లేదో తెలియదు. కింద మండల కేంద్రం దాకా ఫైబర్ ఉంటే, అక్కడి టవర్ నుంచి కొండ మీది టవర్‌కు ఒక కిరణం వేస్తే చాలు. కొండ ఎత్తు కేబుల్‌కు శాపం. కాంతికి మాత్రం వరం, ఎందుకంటే ఎత్తు మీద ఉన్నది దూరం నుంచి కనిపిస్తుంది.

2. జాతర, పండుగ రద్దీ: నూకాంబిక జాతర లాంటి సందర్భాల్లో టెలికాం కంపెనీలు బండి మీద తాత్కాలిక టవర్ తెచ్చి పెడతాయి. టవర్ తేవడం తేలిక, దానికి తగినంత బ్యాక్‌హాల్ ఇవ్వడమే కష్టం. లేజర్ పెట్టెలు గంటల్లో బిగించవచ్చు, పండుగ అయిపోగానే విప్పి తీసుకెళ్లవచ్చు.

3. తుపాన్లు: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు, టవర్లు, కేబుళ్లు కుప్పకూలాయి. ఎవరు ఎలా ఉన్నారో తెలుసుకోవడానికి ఫోన్ కలవక జనం పడ్డ అవస్థ ఉత్తరాంధ్ర మర్చిపోలేదు. స్తంభాల మీది ఫైబర్‌కు ఉన్న బలహీనత అదే, స్తంభం పడితే లైన్ తెగుతుంది. తుపాను వీస్తున్నప్పుడు లేజర్ కూడా పనిచేయదు, ఆ మాట నిజం. కానీ తుపాను వెళ్లాక తెగిన కేబుల్‌ను రోజుల తరబడి అతికే లోపు, నిలబడ్డ రెండు భవనాల మధ్య కిరణం వేసి లైన్ లేపవచ్చు. 2001లో న్యూయార్క్ జంట టవర్ల మీద దాడి తర్వాత కేబుళ్లు తెగిపోయిన ఆర్థిక సంస్థలు ఇలాంటి కాంతి లింకులతోనే పని మొదలుపెట్టాయి.

4. తీర పరిశ్రమలు, రాంబిల్లి: అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ లాంటి చోట్ల ఒకే ఆవరణలో భవనం నుంచి భవనానికి భారీగా డేటా వెళ్లాలి. రోడ్డు దాటి కేబుల్ వేయడానికి అనుమతుల కోసం తిరిగే బదులు పైకప్పు నుంచి పైకప్పుకు కిరణం వేయవచ్చు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ ప్రకటించింది. దాని డేటా సెంటర్లకు అనుకున్న చోట్లలో అనకాపల్లి జిల్లా రాంబిల్లి కూడా ఉంది. సముద్రం అడుగు నుంచి కేబుల్ కూడా రాబోతోంది. అంత పెద్ద డేటా కాలువ తీరానికి వస్తే, అక్కడికి 50, 60 కిలోమీటర్ల దూరంలోని కొండ గ్రామానికి దాని నుంచి ఒక పిల్లకాలువ వెళ్లాలి కదా! చర్చ జరగాల్సింది దాని మీదే.

మరి అడ్డంకులు ఏంటి?

కాంతి ఇంటర్నెట్ గాలిలో దీపం అవుతుందా, నిలబడుతుందా అన్నది తేల్చేవి ఇవే.

పొగమంచు: అసలు శత్రువు ఇదే. మంచు బిందువులు కాంతిని చెల్లాచెదురు చేస్తాయి. ఇంజినీర్లు వాడే లెక్క ప్రకారం 500 మీటర్లకు మించి ఏమీ కనిపించనంత మంచు ఉంటే, ఒక్క కిలోమీటరు దాటేసరికి కాంతి బలం దాదాపు 2,500వ వంతుకు పడిపోతుంది. రెండో కిలోమీటరుకు మిగిలిన దానిలో మళ్లీ అంతే తగ్గుతుంది. భోగి తెల్లవారుజాము ఊహించుకోండి. మంచు, దానికి తోడు భోగి మంటల పొగ. బెల్లం సీజన్‌లో గానుగల దగ్గర పెనాల కింది పొగ కూడా కిందే పరుచుకుంటుంది. లేజర్‌కు అంతకంటే కష్టమైన వేళ ఉండదు. అందుకే పరికరాన్ని ఎత్తులో పెట్టడం, దూరం తగ్గించి మధ్యలో ఇంకో పెట్టె పెట్టడం తప్పదు.

వాన: వాన చినుకు పెద్దది కాబట్టి కాంతికి మంచు చేసినంత చెరుపు చేయదు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ రేడియోకు మాత్రం వానే పెద్ద దెబ్బ. అంటే మంచులో రేడియో నిలబడుతుంది, వానలో లేజర్ కాస్త మెరుగు. అందుకే రెండూ జతచేసి, ఒకటి తగ్గితే ఇంకోటి అందుకునేలా పెట్టడం మంచి పద్ధతి. లేజర్ ఆగినప్పుడు వీడియో నాణ్యత తగ్గొచ్చు కానీ ఫోన్ కాల్, యూపీఐ పేమెంట్ ఆగవు.

గురి: తారా చెప్పే లెక్క ప్రకారం 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న 5 సెంటీమీటర్ల గురిని కిరణం తాకాలి. గాలికి టవర్ డిగ్రీలో వెయ్యో వంతు ఒరిగినా ఆ దూరంలో కిరణం 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అందుకే పెట్టెలో అద్దాలు, సెన్సర్లు ఉంటాయి. అవి నిరంతరం గురి సరిచేసుకుంటూనే ఉంటాయి.

ఎండ: మధ్యాహ్నం తారురోడ్డు మీద గాలి అలలు అలలుగా కదలడం చూసే ఉంటారు. ఆ వేడి గాలిలోంచి వెళ్లే కిరణం కూడా అలాగే వణుకుతుంది. ఇది కూడా అద్దాలు సర్దుకోవాల్సిన పనే.

అడ్డొచ్చేవి: కొండకర్ల ఆవ వైపు పక్షుల గుంపులు ఎగిరితే? పక్షి అడ్డొచ్చేది కనురెప్పపాటు. పోయిన డేటా ముక్కను మళ్లీ పంపేస్తారు, చూసేవారికి తెలియదు. చెట్టు అలా కాదు. ఈ ఏడాది కింద ఉన్న కొబ్బరిచెట్టు రెండేళ్లకు కిరణానికి అడ్డం రావచ్చు. 20 కిలోమీటర్ల లింకు అయితే భూమి గుండ్రంగా ఉండటం వల్లే మధ్యలో దాదాపు 8 మీటర్ల ఉబ్బు వస్తుంది. తాటిచెట్టు ఎత్తు దానికి అదనం. కాబట్టి ఎక్కడ పడితే అక్కడ పెట్టడం కుదరదు. సర్వే చేసి, ఎత్తు చూసి పెట్టాల్సిందే.

మీకు వచ్చే డౌట్లు.. జవాబులు

లేజర్ కంటికి ప్రమాదమా?
ఇలాంటి లింకులను కంటికి హాని చేయని తరగతి శక్తితో డిజైన్ చేస్తారు. కిరణం కంటికి కనిపించదు, పైగా టవర్ల ఎత్తులో వెళ్తుంది. పరికరం బిగించే సిబ్బంది మాత్రం జాగ్రత్తలు పాటించాలి.

నా ఫోన్‌లో లైఫై వస్తుందా?
ప్రస్తుతం మార్కెట్లో ఉన్న మామూలు ఫోన్లలో లేదు. ల్యాప్‌టాప్‌కు విడిగా రిసీవర్ తగిలించుకోవాలి. ప్రమాణం వచ్చింది కాబట్టి ఫోన్ కంపెనీలు ముందుకొస్తే దారి ఉంది.

లైఫై వస్తే వైఫై పోతుందా?
పోదు. కాంతి గోడ దాటదు, హాల్లో బల్బు నెట్ వంటింట్లోకి రాదు. ఇది లోపమే, ఒక లాభం కూడా. మీ గదిలో నెట్ పక్కింటివాళ్లు పట్టుకోలేరు. అందుకే సైన్యాలు, బ్యాంకుల లాంటి సంస్థలు దీని మీద ఆసక్తి చూపుతున్నాయి.

శాటిలైట్ ఇంటర్నెట్ ఉంటే ఇదెందుకు?
శాటిలైట్ ఎక్కడైనా అందుతుంది కానీ ఒక ప్రాంతంలో వాడేవాళ్లు పెరిగితే వేగం పంచుకోవాలి. దానికీ రేడియో స్పెక్ట్రమ్ కావాలి. విచిత్రం ఏంటంటే స్టార్‌లింక్ శాటిలైట్లు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది లేజర్‌తోనే. 2023 డిసెంబర్‌లో నాసా దాదాపు 3.1 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి లేజర్ మీద ఒక పిల్లి వీడియో పంపి చూపించింది. అంతరిక్షంలో మంచు, పొగ లేవు కాబట్టి కాంతికి అక్కడ ఎదురే లేదు.

భారత్‌లో ప్రయోగాలు జరిగాయా?
జరిగాయి. 2021 మార్చిలో ఇస్రో అహ్మదాబాద్ కేంద్రంలో 300 మీటర్ల దూరానికి గాలిలో కాంతి కణాల ద్వారా రహస్య తాళాన్ని పంపి, దాంతో సురక్షితంగా వీడియో కాల్ చేసి చూపించారు. 2025 జూన్‌లో డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి కిలోమీటరుకు పైగా దూరానికి ఇలాంటి క్వాంటమ్ ప్రయోగం చేశాయి. వీటి లక్ష్యం వేగం కంటే భద్రత.

రీచార్జ్ ధర తగ్గుతుందా?
వెంటనే తగ్గదు. ఫోన్‌కు చేరే చివరి దారికి స్పెక్ట్రమ్ కొనాల్సిందే. అయితే టవర్‌ను నెట్‌వర్క్‌తో కలిపే ఖర్చు తగ్గితే ఇప్పటిదాకా గిట్టుబాటు కాదని వదిలేసిన ఊళ్లకు టవర్ పెట్టే అవకాశం పెరుగుతుంది. ఈ టెక్నాలజీ నుంచి ముందుగా ఆశించాల్సిన లాభం అదే.

ఇక ముందు ఏం చూడాలి?

స్పెక్ట్రమ్ కరువును కాంతి ఒక్కటే తీర్చేస్తుందని చెప్పలేం. ఫైబర్ వేయగలిగిన చోట ఫైబరే ఉత్తమం. ఫైబర్ వెళ్లలేని చోట, వెళ్లడానికి ఏళ్లు పట్టే చోట, తుపాను తెంపేసిన చోట కాంతి లింకు ఆదుకుంటుంది. మంచు పట్టే చోట దానికి రేడియో తోడు ఉండాలి. భవనాల లోపల వైఫైకి లైఫై తోడు ఉండొచ్చు. ఇలా ఎక్కడి పని అక్కడ పంచితే, ఉన్న కొద్దిపాటి స్పెక్ట్రమ్ కదిలే ఫోన్లకు మిగులుతుంది.

2017లో 2,000 లింకుల మాట వినిపించినప్పటికీ, ఇప్పటికీ ఒక తేడా ఉంది. అప్పుడు అది బెలూన్ల మధ్య పరీక్షించిన ప్రయోగం. ఇప్పుడు అది నదులు దాటి పనిచేస్తున్న సరుకు, కొనడానికి దొరికే పరికరం. తీరానికి డేటా సెంటర్లు వస్తున్న ఈ సమయంలో జిల్లా అధికారులు, టెలికాం కంపెనీలు, ఏపీ ఫైబర్‌నెట్ తేల్చాల్సినవి మూడే. సిగ్నల్ లేని గూడేల జాబితా ఏది? వాటికి ఎదురుగా కనిపించే ఎత్తైన చోటు ఏది? అక్కడ ఏడాదిలో ఎన్ని రోజులు మంచు పడుతుంది? ఈ మూడింటికీ జవాబు ఉంటే కిరణం ఎక్కడ వేయాలో మ్యాప్ మీద గీత గీయడం పెద్ద పని కాదు.